అక్క, చెల్లెలు, ఆడపడుచు: వరసల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో పెళ్లి పత్రికలు అచ్చువేసే చోట ప్రూఫులు దిద్దడం నా పని. పేరులో అక్షరం తప్పితే ఎవరూ పెద్దగా బాధపడరు, దిద్దుకుని వెళ్తారు. వరస తప్పితే మాత్రం కౌంటరు దగ్గరే ఇంటిల్లిపాదీ వాదనకు దిగుతారు. పైగా మా పాత చిత్తూరు జిల్లా మూడు భాషలు కలిసే చోటు. నగరి, సత్యవేడు వైపు తమిళం, పలమనేరు వైపు కన్నడం, కుప్పంలో ఆ రెండూ. మనుషులు మారుతున్నారు గానీ అడిగే సందేహాలు మారడం లేదు. అందుకే అక్కచెల్లెళ్ల చుట్టూ తిరిగే వాటిని ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## ఇంట్లో, చిన్నప్పుడు

ఇంగ్లీషులో సిస్టర్ అని ఒక్క మాటతో సరిపోతుంది. తెలుగులో అక్క, చెల్లెలు అని రెండు ఎందుకు?

తోడబుట్టిన ఆడపిల్ల గురించి తెలుగులో నోరు తెరవాలంటే ఆమె నాకన్నా పెద్దదా, చిన్నదా అన్నది ముందు తేలాలి. పెద్దదైతే అక్క, చిన్నదైతే చెల్లెలు. మగపిల్లల్లో అన్న, తమ్ముడు కూడా ఇంతే. తమిళంలో అక్కా, తంగచ్చి అంటారు, కన్నడంలో అక్క, తంగి అంటారు. పెద్దదానికి మూడు భాషలదీ ఒకే మాట, చిన్నదాని దగ్గరే మన దారి వేరు. వయసుతో పని లేకుండా చెప్పే మాటగా సోదరి ఉంది, కానీ అది కాగితం మీద బతికే మాట. “సోదరీ, అన్నం పెట్టు” అని ఏ ఇంట్లోనూ వినపడదు.

తోబుట్టువు అంటే అక్కా, చెల్లెలా, తమ్ముడా?

ఎవరైనా కావచ్చు. తోడ పుట్టినవారు అని అర్థం. అయితే వాడుకలో అది ఆడవాళ్ల వైపే ఒరిగింది. ఒక మగవాడు “నాకు ముగ్గురు తోబుట్టువులు, ముగ్గురికీ పెళ్లిళ్లు చేశాను” అంటే విన్నవాళ్లు అక్కచెల్లెళ్ల గురించే అనుకుంటారు. అన్నదమ్ములను కూడా కలిపి చెప్పాలనుకుంటే ఆ మాట విడిగా చెప్పడం మంచిది.

చెల్లి, చెల్లెలు, చెల్లెమ్మ, చెల్లాయి. వీటిలో ఏది సరైనది?

అన్నీ సరైనవే. పిలవడానికి చెల్లి, చెల్లెమ్మ, చెల్లాయి. రాయడానికి చెల్లెలు. తప్పు వచ్చేది విభక్తి దగ్గర. “చెల్లెలు పెళ్లి” అని రాసుకొస్తారు, “చెల్లెలి పెళ్లి” అని ఉండాలి. కోడలికి చీర, మరదలికి గాజులు అన్నట్లే చెల్లెలికి సారె. ఎక్కువమంది ఉంటే చెల్లెళ్లు.

అక్కచెల్లెళ్లా, అక్కాచెల్లెళ్లా?

రెండూ అచ్చులో కనిపిస్తాయి, రెండూ తప్పు కావు. పక్కన అన్నదమ్ములు అనే మాట ఉంటే దానికి జతగా అక్కచెల్లెళ్లు అని దీర్ఘం లేకుండా రాయడం నాకు ఇష్టం. ఒకే పత్రికలో ఒకచోట దీర్ఘం, ఒకచోట హ్రస్వం ఉండడం మాత్రం చూడడానికి బాగుండదు.

మా పెదనాన్న కూతురు నాకు కజిన్ సిస్టరా, అక్కా?

అక్కే. మీకన్నా చిన్నదైతే చెల్లెలు. మీ నాన్న కన్నా పెదనాన్న పెద్దవాడన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, మీ ఇద్దరి వయసే లెక్క.

నాన్న అన్నదమ్ముల పిల్లలు, అమ్మ అక్కచెల్లెళ్ల పిల్లలు మనకు సొంత తోబుట్టువులతో సమానం. అందుకే పెదనాన్న, పెద్దమ్మ, చిన్నాన్న, చిన్నమ్మ అనే మాటల్లో నాన్నా అమ్మా ఉంటారు. వాళ్లూ తల్లిదండ్రుల వరసే కాబట్టి వాళ్ల పిల్లలు అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు అవుతారు. నాన్న అక్కచెల్లెళ్ల పిల్లలు, అమ్మ అన్నదమ్ముల పిల్లలు వేరే గట్టున ఉంటారు. మేనత్త కూతురు, మేనమామ కూతురు మీకు వదిన గానీ మరదలు గానీ అవుతారు తప్ప ఎన్నటికీ అక్క, చెల్లెలు కారు. కజిన్ అనే మాట ఈ రెండు గట్లనూ ఒకటి చేసేస్తుంది. బెంగళూరులో, అమెరికాలో పెరిగిన పిల్లలు పెళ్లి సమయానికి తికమక పడేది ఇందుకే. వాళ్ల తప్పేమీ లేదు, ఇంట్లో ఎవరూ విడదీసి చెప్పలేదు.

కవలల్లో అక్క ఎవరు?

ముందు పుట్టినది. పుట్టిన వేళ ఆసుపత్రి కాగితాల్లో ఉంటుంది. కొందరు పెద్దవాళ్లు కడుపులో ముందు పడినది రెండోసారి బయటికి వస్తుందని చెప్పి తలకిందులుగా పిలిపిస్తారు. ఏది ఎంచుకున్నా మొదటి నుంచి ఒక్కటే పిలుపు ఉంచండి. జాతకంలో ఒకరు, పిలుపులో ఇంకొకరు పెద్దవాళ్లయితే పెళ్లి పత్రిక దగ్గర పేచీ తప్పదు.

నాన్న మొదటి భార్య కూతురిని ఏమనాలి?

పిలవడానికి అక్కే. విడమరచి చెప్పాల్సిన అవసరం వస్తే సవతి అక్క అంటారు. ఆ మాట ఆమె ఎదుట వాడే వాళ్లను నేను చూడలేదు, పత్రికలో అయితే అసలు వద్దు.

## సంబంధం చూసేటప్పుడు

అబ్బాయి బాగున్నాడు, ఉద్యోగం బాగుంది, కానీ వరస కుదరదు అంటున్నారు. వరస కుదరకపోవడం అంటే ఏమిటి?

పాత చుట్టరికాల ప్రకారం లెక్కవేస్తే ఆ అబ్బాయి మీకు అన్న గానీ, చిన్నాన్న గానీ, కొడుకు గానీ అవుతున్నాడని అర్థం. నేరుగా రక్తసంబంధం లేకపోయినా ఎక్కడో రెండు తరాల వెనక ఇద్దరు ఆడవాళ్లు అక్కచెల్లెళ్లయితే వాళ్ల పిల్లలంతా తోబుట్టువుల వరసలో పడతారు, కింది తరాల వరసలు అక్కడి నుంచే లెక్కకు వస్తాయి. బావ, మరదలు వరస అయితేనే మాట ముందుకు సాగుతుంది.

ఈ పద్ధతిలో ఒక వెసులుబాటు చూడండి. మేనత్త కొడుకును చేసుకున్న అమ్మాయి అత్తగారిని కొత్తగా ఏమీ పిలవనక్కర్లేదు. పుట్టినప్పటి నుంచి అత్తా అనే పిలుస్తోంది. మేనమామ కొడుకును చేసుకుంటే మామగారు ఎప్పటి నుంచో మామే.

అక్క కూతురిని చేసుకోవచ్చు, చెల్లెలి కూతురిని వద్దు అంటారు. చట్టం ఏమంటుంది?

ఆచారంలో పెద్దా చిన్నా తేడా ఇంత గట్టిగా పనిచేసే చోటు మరొకటి లేదు. మన వైపు చాలా కులాల్లో అక్క కూతురు వరస అవుతుంది, చెల్లెలి కూతురు కాదు. చెల్లెలి కూతురు తన కూతురితో సమానమని పెద్దలు చెబుతారు.

చట్టానికి ఈ తేడా పట్టదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం మేనమామ, మేనకోడళ్ల పెళ్లిని నిషిద్ధ సంబంధాల జాబితాలోనే పెట్టింది. అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు, అన్నాచెల్లెళ్ల పిల్లలు కూడా అదే జాబితాలో ఉన్నారు. అయితే ఇరువైపులా అటువంటి పెళ్లిని అనుమతించే ఆచారం ఉంటే చెల్లుతుందని ఆ చట్టమే మినహాయింపు ఇచ్చింది. అక్క కూతురి పెళ్లిళ్లు చట్టం ముందు నిలిచేది ఈ ఆచారం బలంతోనే. దగ్గరి రక్తసంబంధంలో పిల్లలకు జన్యు సమస్యలు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ముహూర్తం పెట్టకముందే డాక్టరుతో మాట్లాడండి. పత్రిక అచ్చయ్యాక అడిగే ప్రశ్న కాదది.

మేనమామనే చేసుకుంటోంది. ఇప్పుడు అమ్మాయికి అమ్మ ఏమవుతుంది?

ఆడపడుచు అవుతుంది! భర్త అక్క కదా. అమ్మమ్మ అత్తగారు అవుతుంది. తమ్ముళ్లు భర్తకు ఒకవైపు మేనల్లుళ్లు, మరోవైపు బావమరుదులు. కాగితం మీద గీసుకుంటే నవ్వు వస్తుంది గానీ ఇంట్లో ఏ గందరగోళమూ ఉండదు. పాత పిలుపే నెగ్గుతుంది. అమ్మను అమ్మా అనే పిలుస్తుంది, అమ్మమ్మను అమ్మమ్మ అనే. పత్రికలో కూడా అమ్మాయి తరఫు వరసలు, అబ్బాయి తరఫు వరసలు దేనికది విడిగా రాస్తే చాలు.

అక్కచెల్లెళ్లిద్దరినీ అన్నదమ్ములిద్దరికీ ఇస్తున్నాం. వరసలు తారుమారు కావా?

కావు. తోడికోడళ్లు ఒకరినొకరు అక్కా, చెల్లీ అనే పిలుచుకుంటారు, వీళ్లు ముందే అలా పిలుచుకుంటున్నారు. పిల్లలు పుడితే అమ్మల వైపు నుంచి చూసినా, నాన్నల వైపు నుంచి చూసినా తోబుట్టువుల వరసే. చిక్కు ఒక్కచోటే ఉంది. అక్కను తమ్ముడికి, చెల్లెలిని అన్నకు ఇస్తే చెల్లెలు ఆ ఇంటికి పెద్దకోడలు అవుతుంది. నోములో, తాంబూలంలో ముందు వరుస పెద్దకోడలిది. ఇంట్లో మాత్రం ఆమె అక్కను అక్కా అనే పిలవాలి. ఇలాంటి సంబంధం కలిసినా చాలామంది వెనకాడేది దీనికే.

కుండమార్పు పెళ్లిలో?

ఒకరి అక్కనో చెల్లెలినో ఇచ్చి, వాళ్ల అక్కనో చెల్లెలినో తెచ్చుకునేది కుండమార్పు. అందులో ఆడవాళ్లిద్దరూ ఒకరికొకరు అన్న భార్యో తమ్ముడి భార్యో అవుతారు, ఆడపడుచులూ అవుతారు. మగవాళ్లిద్దరూ రెండు వైపులా బావ, బావమరుదులు. వరసపరంగా చక్కగా ఇమిడే ఏర్పాటే. ఒక కాపురంలో మాట వస్తే రెండో కాపురం దాకా పోతుందన్న భయం మాత్రం ఉంది.

## పత్రిక అచ్చుకు ఇచ్చేటప్పుడు

“మా అత్త పెళ్లికి తప్పక రండి” అనాలా, “మా చిన్నమ్మ పెళ్లికి” అనాలా?

పత్రిక అడుగున చిన్నపిల్లల పేర్లతో ఉండే ఆ వాక్యం మీదే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఆ పిల్లలు పెళ్లికూతురి అన్నదమ్ముల పిల్లలైతే “మా అత్త పెళ్లికి”. అక్కచెల్లెళ్ల పిల్లలైతే “మా చిన్నమ్మ పెళ్లికి”, కోస్తా వైపు వాళ్లయితే “మా పిన్ని పెళ్లికి”. పెళ్లికొడుకు వైపు అన్నదమ్ముల పిల్లలైతే “మా చిన్నాన్న పెళ్లికి” లేదా “మా బాబాయి పెళ్లికి”, అక్కచెల్లెళ్ల పిల్లలైతే “మా మామ పెళ్లికి”.

రెండు రకాల పిల్లలూ ఉంటే? ఒకే వాక్యం కింద అందరి పేర్లూ గుచ్చేస్తారు. అప్పుడు సగం మంది పిల్లలకు వరస తప్పుతుంది. రెండు పంక్తులు వేయించండి. చోటు లేకపోతే బొమ్మ చిన్నది చేయించండి, వినాయకుడు ఏమీ అనుకోడు.

చిన్నమ్మాయి పెళ్లి. కనిష్ఠ పుత్రిక అనాలా, ద్వితీయ పుత్రిక అనాలా?

ఇద్దరే అమ్మాయిలైతే ద్వితీయ పుత్రిక. ముగ్గురు, అంతకన్నా ఎక్కువ ఉండి చివరి అమ్మాయి పెళ్లయితే కనిష్ఠ పుత్రిక. ఇద్దరిలో చిన్నదాన్ని కనిష్ఠ అన్నంత మాత్రాన పెళ్లి ఆగదు గానీ చదివినవాళ్లు మూడో అమ్మాయి ఎవరని అడుగుతారు.

ఆహ్వానించేవారిలో అక్కాబావల పేర్లు వేయాలా?

తల్లిదండ్రులు ఉంటే వాళ్ల పేరే ముందు. వాళ్లు లేకపోతే అన్నావదినలు, అక్కాబావలు ఆహ్వానించవచ్చు. ఇంటి పేరు మారిపోయింది కాబట్టి అక్కను వేయకూడదనే వాళ్లు కొందరున్నారు. అమ్మానాన్నలు పోయాక చెల్లెలిని పెంచి పెళ్లి చేస్తున్నది అక్కే అయినప్పుడు ఆమె పేరు వేయకుండా మేనమామ పేరు వేయించడం నాకు నచ్చదు. అడిగితే ఆ మాట చెబుతాను, అడగకపోతే ఇచ్చినదే అచ్చువేస్తాం.

పెళ్లికొడుకు వాళ్లు తమిళం. రెండు భాషల్లో వేసేటప్పుడు వరసలు ఎక్కడ తప్పుతాయి?

అక్క దగ్గర తప్పదు. అక్క మొగుడి దగ్గర తప్పుతుంది. మనకు బావ, చాలా తమిళ ఇళ్లలో ఆయనను మామా అని పిలుస్తారు. తమిళ పత్రికలోని మామాను చూసి తెలుగులో మామ అని రాసేస్తే బావ కాస్తా ఒక తరం పైకి వెళ్లిపోతాడు. అమ్మ చెల్లెలు వాళ్లకు చిత్తి, కన్నడం వాళ్లకు చిక్కమ్మ. భర్త అక్కచెల్లెళ్లు తమిళంలో నాత్తనార్. మాటకు మాట మార్చకండి. ఆ మనిషి ఎవరికి ఏమవుతారో అడిగి, తెలుగులో మొదటి నుంచి రాసుకోండి.

## పెళ్లిలో, అత్తగారింట్లో

ఆడపడుచు అంటే మా ఇంటి ఆడపిల్లా, మొగుడి చెల్లెలా?

ఆ ఇద్దరూ ఒకే మనిషి. పుట్టింటికి ఆమె ఎప్పటికీ ఆడపడుచే. ఆ ఇంటికి కోడలిగా వచ్చినవాళ్లు ఆమెను ఎలా చూడాలో కూడా ఆ మాటే చెబుతుంది. కాబట్టి వదినకు ఆమె ఆడపడుచు. సభల్లో నాయకులు “రాష్ట్ర ఆడపడుచులందరికీ” అన్నప్పుడు మొదటి అర్థంలో అంటారు. చిత్తూరు పల్లెల్లో ఆడబిడ్డ అనే మాట ఎక్కువ. ఆడబిడ్డ అర్ధమొగుడు అనే సామెత పుట్టింది ఆ అధికారం చూసే.

గడప దగ్గర ఆడపడుచు కొత్త జంటను ఎందుకు ఆపుతుంది?

పేర్లు చెప్పించడానికి. మొగుడు పెళ్లాం పేరు, పెళ్లాం మొగుడి పేరు చెప్పి లోపలికి రావాలి. సిగ్గుపడి గొణిగితే “వినపడలేదు” అని మళ్లీ చెప్పిస్తారు. కొన్ని ఇళ్లలో అక్క తమ్ముడిని “నీ కూతురిని నా కొడుక్కి ఇస్తావా?” అని అడుగుతుంది. సరే అన్నాకే దారి వదులుతుంది. ఈ రోజుల్లో అది నవ్వులాటే, కానీ మేనరికం వరస ఎంత లోతుగా పాతుకుపోయిందో ఆ ప్రశ్నలో కనిపిస్తుంది.

ఆడపడుచు కట్నం వరకట్నం కిందికి వస్తుందా?

పెళ్లి పేరు మీద అడిగి తీసుకుంటే వస్తుంది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం పెళ్లికొడుక్కి ఇచ్చినదాన్నే కాదు, పెళ్లికి సంబంధించి మరెవరికైనా ఇచ్చినదాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ప్రేమగా పెట్టిన చీర వేరు, లక్షల్లో మాట్లాడుకుని పుచ్చుకున్నది వేరు. లాంఛనం అని పేరు మార్చినా తేడా లేదు.

మా ఆయన అక్కను, చెల్లెలిని నేను ఏమని పిలవాలి?

అక్కను వదినా అనాలి. చెల్లెలు మీకు మరదలు, అయితే మరదలా అని ఎవరూ పిలవరు, పేరు పెట్టి పిలుస్తారు. ఆ అమ్మాయి మిమ్మల్ని వదినా అంటుంది. మా ఆయన తమ్ముడి భార్యను ఏమనాలని కూడా అడుగుతారు. ఆమె తోడికోడలు, పిలుపు చెల్లి. బావగారి భార్య అక్క. కన్నడం వాళ్లు తోడికోడలిని ఓరగిత్తి అంటారు.

అన్న భార్య వదినే, భార్య అక్క కూడా వదినేనా?

అవును. అన్న భార్య, భార్య అక్క, వయసులో పెద్దదైన మేనమామ కూతురు, ముగ్గురూ వదినలే. తమ్ముడి భార్య, భార్య చెల్లెలు, చిన్నదైన మేనత్త కూతురు మరదళ్లు. భార్య అక్కచెల్లెళ్లను పెళ్లాడినవాళ్లు మీకు తోడల్లుళ్లు, షడ్డకులని కూడా అంటారు. వాళ్లను అన్నా, తమ్ముడూ అని పిలుస్తారు.

చెల్లెలి భర్త నాకన్నా ఆరేళ్లు చిన్న. బావా అనాలా?

బావగారూ అనడమే మర్యాద. ఇక్కడ వయసు కన్నా ఆడపిల్లను ఇచ్చిన చోటన్న గౌరవం ముందుంటుంది. చెల్లెలికి అక్క కూడా ఉంటే, ఆ అక్కకు అతను మరిది. ఆమె పేరు పెట్టి పిలిచినా ఎవరూ తప్పు పట్టరు. అక్క మనదైతే బావ మనవాడవుతాడా అని సామెత ఉండనే ఉంది కాబట్టి మొదటి ఏడాది కాస్త జాగ్రత్తగానే మాట్లాడండి.

## పిల్లలు పుట్టాక

నా చెల్లెలి కొడుకు నాకు మేనల్లుడా, కొడుకా?

అడుగుతున్నది ఆడవారా, మగవారా? అక్క అడిగితే, కొడుకే. ఆమెను ఆ పిల్లవాడు పెద్దమ్మా అంటాడు. అన్న అడిగితే మేనల్లుడు, ఆయనను మామా అంటాడు. తోబుట్టువుల్లో ఒకరు ఆడ, ఒకరు మగ అయినప్పుడే మేన అనే మాట వస్తుంది. మేనత్త, మేనమామ, మేనకోడలు అన్నీ అంతే. ఇద్దరూ ఆడవాళ్లైనా, ఇద్దరూ మగవాళ్లైనా పిల్లలు పిల్లలే.

చిన్నమ్మ, పిన్ని, పినతల్లి ఒక్కటేనా?

ఒక్కటే. అమ్మ చెల్లెలు. చిన్నాన్న భార్యకూ అదే పిలుపు. మన వైపు చిన్నమ్మ, కోస్తాలో పిన్ని, పుస్తకంలో పినతల్లి.

## ఆస్తి, కాగితాలు

దరఖాస్తులో బంధుత్వం గడిలో చెల్లెలు అని రాయవచ్చా?

తెలుగు ఫారంలో రాయవచ్చు. సోదరి అని రాస్తే గుమాస్తాకు ఇంకో ప్రశ్న ఉండదు. పెదనాన్న కూతురిని సోదరి అని రాయకండి. ఇంట్లో అక్కే అయినా కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో ఆమె వేరే కుటుంబం.

అక్కచెల్లెళ్లకు నాన్న ఆస్తిలో వాటా ఉందా? పెళ్లయిపోయింది కదా?

ఉంది, పెళ్లయినా ఉంది. నాన్న స్వార్జితం అయి, వీలునామా రాయకుండా పోతే కొడుకులు, కూతుళ్లు, భార్య, తల్లి సమానంగా పంచుకోవాలని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. ఉమ్మడి ఆస్తి సంగతి తర్వాత తేలింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణతో ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకూ పుట్టుకతో హక్కు వచ్చింది, అయితే అప్పటికే పెళ్లయినవాళ్లకు కాదు. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణలో ఆ తేడా పోయింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలన్న వాదన కొన్నేళ్లు నడిచింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు అవసరం లేదని తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు అయిన పంపకాలను మాత్రం తిరగదోడలేరు.

పెళ్లిలో బంగారం పెట్టాం, పసుపు కుంకుమ కింద పొలం ఇచ్చాం. ఇంక వాటా అడగకూడదు కదా?

అడగవచ్చు. పెళ్లిలో పెట్టారన్న ఒక్క కారణంతో వాటా పోదు. పోవాలంటే ఆమె తెలిసి, ఇష్టపడి హక్కు విడుదల పత్రం రాసి రిజిస్టరు చేయాలి. “ఊరికే ఒక సంతకం అక్కా” అని పెట్టించుకునే కాగితం చాలాసార్లు ఇదే అయి ఉంటుంది. చదవనిదే పెట్టకండి. తమ్ముడితో మాట పోతుందని భయపడి పెట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. మాట నిలుపుకోవాలనుకున్నా ముందు చదవడంలో తప్పేమీ లేదు.

పెళ్లికాని అన్న చనిపోయాడు. ఆస్తి చెల్లెళ్లకు వస్తుందా?

వీలునామా లేకపోతే ముందు తల్లికి. తల్లి లేకపోతే తండ్రికి. ఇద్దరూ లేనప్పుడు అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు సమానంగా. తల్లి ఒకరే అయి తండ్రి వేరైన తోబుట్టువులు ఈ వరుసలోకి రారు.

## గుడిలో, బజారులో

తాతయ్యగుంట గంగమ్మ శ్రీవారికి అక్కా, చెల్లెలా?

తిరుపతి వాళ్ల నమ్మకంలో చెల్లెలు. మే నెలలో జరిగే జాతరకు తిరుమల తిరుపతి దేవస్థానం నుంచి సారె వస్తుంది. సారె అన్నది పుట్టింటి నుంచి ఆడపడుచుకు వెళ్లేది కాబట్టి వరస అక్కడే తేలిపోతుంది. అవిలాలను అమ్మవారి పుట్టిల్లుగా చెప్పుకుని అక్కడి నుంచి కూడా సారె తెస్తారు. కొండ ఎక్కే ముందు చెల్లెలిని చూసి వెళ్లాలన్న పాత ఆనవాయితీ ఇప్పుడు తిరుపతి వాళ్లకే గుర్తుంది, రైలు దిగి నేరుగా కొండెక్కే వాళ్లకు తెలియదు. గంగమ్మకు తోబుట్టువులు కూడా ఉన్నారు. గ్రామదేవతలు ఏడుగురు అక్కచెల్లెళ్లన్నది రాయలసీమ అంతటా వినిపించే మాట.

ఘాట్ రోడ్డులో అక్కగార్ల గుడి ఎవరిది?

కొండను, అడవిని కాచే అక్కదేవతలది. అక్కకు గారు చేర్చి, దాన్ని బహువచనం చేసి అక్కగార్లు అన్నారు. ఘాట్ రోడ్డులో బండి నడిపేవాళ్లు అక్కడ వేగం తగ్గించి దండం పెట్టుకుంటారు.

కాణిపాకం వినాయకుడికి తిరుమల నుంచి పట్టువస్త్రాలు ఎందుకు వస్తాయి?

దేవస్థానాల మధ్య సంప్రదాయం అది. వరస లెక్క కావాలంటే, పురాణాల ప్రకారం పార్వతి విష్ణువుకు చెల్లెలు. చెల్లెలి కొడుకు మేనల్లుడు. బ్రహ్మోత్సవాలకు మేనమామ బట్టలు పెట్టకుండా ఉంటాడా?

ముక్కూ మొహం తెలియని ఆవిడను అక్కా అని పిలవవచ్చా?

తిరుపతిలో పిలుస్తారు. బస్టాండులో పూలమ్మే ఆమె నుంచి ఆటో డ్రైవరు దాకా అందరి నోటా అక్కా అనే. మీకన్నా స్పష్టంగా చిన్నగా ఉన్నవారిని అక్కా అంటే ముఖం ముడుచుకుంటారు, అమ్మా అనండి, ఏ వయసుకైనా సరిపోతుంది. ఆసుపత్రిలో నర్సును సిస్టర్ అనడం అలవాటై పోయింది. సిస్టర్ అన్నా, అక్కా అన్నా పలుకుతారు, చిటికె వేసి పిలిస్తేనే పలకరు.

రాఖీ మన పండుగ కాదు, మనకు వేరే ఉంది అంటారు. ఏది?

భగినీహస్త భోజనం. కార్తీక శుద్ధ విదియ, అంటే దీపావళి అమావాస్య వెళ్లిన రెండో రోజు. యముడు చెల్లెలు యమున ఇంటికి వెళ్లి భోజనం చేశాడని కథ, అందుకే యమద్వితీయ అని కూడా పేరు. రాఖీకి చెల్లెలు వస్తుంది, దీనికి అన్న వెళ్లాలి. తేడా అంతా అందులోనే ఉంది. చేతి కట్టుకు డబ్బులిచ్చి పంపడం తేలిక, ఆమె ఇంటికి వెళ్లి, పీట మీద కూర్చుని, ఆమె వండినది తినడానికి ఒక పూట కావాలి. అక్క, చెల్లెలు ఇద్దరూ ఉంటే ఎవరి ఇంటికి వెళ్లాలని అడుగుతారు. ఒకే ఊరైతే మధ్యాహ్నం ఒకరి ఇంట్లో, రాత్రి ఇంకొకరి ఇంట్లో. వేరే ఊళ్లయితే ఈ ఏడు ఒకరు, వచ్చే ఏడు మరొకరు. వట్టి చేతులతో మాత్రం వెళ్లకండి. చీర గానీ రవికె గుడ్డ గానీ, పసుపు కుంకుమలతో పట్టుకెళ్లండి.